చూడకుండా ఎరుపు

గ్రిమ్స్‌బీ రేవు వెనక
రేడియోలు బాగుచేసే షెడ్డు.
చేపల పడవ నుంచి వచ్చిన పాత సెట్టులో
ఒక రెసిస్టరు ఊడదీసి
"ఎంతో చూసి చెప్పు" అంది డోరీన్.

దాని ఒంటి మీద మూడు పట్టీలు.
ఆమెకు అవి రంగులు.
నాకు మూడూ ముదురు బెల్లప్పాకం.
గోధుమైతే నూటపది,
ఎరుపైతే రెండువేల రెండొందలు.
పనిలో చేరి పదకొండు రోజులు,
నా కళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదింకా.

మీటరులో ఓమ్‌ల గడి ఎప్పుడో పోయింది,
వోల్టులు మాత్రం నిజం చెబుతుంది.
తొమ్మిది వోల్టుల బ్యాటరీ తెచ్చాను.
జేబులో ఎప్పుడూ ఉంచుకునే
చీటీ అంటించిన వెయ్యి ఓమ్‌లది తీసి
దాని పక్కన, ఒకే తీగ మీద,
ఈ నోరు విప్పనిదాన్ని కూర్చోబెట్టాను.

ఒకే బంతి.
కరెంటు ఇద్దరికీ సమానమే,
వోల్టులే ఎవరి ఆకలి కొద్దీ వాళ్ళకి.
తెలిసినవాడి విస్తట్లో రెండు పాయింటు ఎనిమిది.
మిగిలిన ఆరు పాయింటు రెండూ
కొత్తవాడే తినేశాడు.
భాగిస్తే
రెండువేల రెండొందల పద్నాలుగు.
ఆ పద్నాలుగు మీటరు నత్తి, వదిలేశాను.

రిజిస్టరులో
ఎరుపు, ఎరుపు, ఎరుపు అని రాశాను
దానివైపు చూడకుండానే.

"పట్టీలు చదివితే అర నిమిషం పని"
అంది డోరీన్, టీ ఊదుకుంటూ.
అవునన్నాను.

కాసేపు వాన చప్పుడు రేకుల మీద.
తర్వాత సొరుగులోంచి ఇంకోటి తీసి
పట్టీలు కనబడకుండా వేళ్ళతో మూసి
రెండు కాళ్ళూ నావైపు చాపి
"మరి ఇది?" అంది.