ఆయ్

రాత్రి రెండుంపావు. భీమవరం.
మొగల్తూరు చెరువుల కాడి పెట్టెలోంచి
ఆక్సిజన్ లెక్కల ఫైలు తెచ్చుకోవాలి.
కమాండ్ కొట్టాను.
తెర మీద ఎట్ గుర్తుల ముళ్ళకంచె.
అవతలున్నది నీకు తెలిసిన మనిషి కాదు,
దారిలో ఎవడో నక్కి ఉండొచ్చు
అని పెద్దక్షరాల్లో అరుపు.

పక్క కుర్చీలో జోజిబాబు
ఆవులిస్తూనే ఉపాయం చెప్పాడు.
"ఆ తనిఖీ తీసెయ్యండి మేడమ్,
ఒక్క 'నో' పెడితే నోరు మూస్తుంది."

మూస్తుంది, నిజమే.
పోయిన వానాకాలం
ఇంకెవరి చెరువు లెక్కో మాదనుకుని
ఏరేటర్లు ఆపించింది నేనే.
తెల్లారి గట్టు వారన కుప్పపడ్డ రొయ్యల వాసన
ఎన్ని ఉతుకులకీ ఈ చున్నీని వదల్లేదు.

ఫోను చేశాను.
"మరిడయ్యా, పెట్టె మార్చారా?"
"ఆయ్. మొన్న పిడుగు పడిందండి.
పాలకొల్లు మెకానిక్కొచ్చి
లోపలి సరుకంతా కొత్తది వేసెళ్ళాడు.
మీకు చెప్పలేదాండి?"
చెప్పలేదు.
"పక్కన కాగితం అతికించాడా?"
"ఆయ్. కోడి గెలికినట్టుందండి."
"చదువు."

ఐదో తరగతి ఇంగ్లీషు, టార్చిలైటు, దోమలు.
పెద్ద కే. చిన్న క్యూ. ఏడు.
"ఇది సున్నానో ఓనో తెలీటంలేదండి."
"కడుపులో గీత ఉందా?"
"ఉందండి, ఏటవాలుగా."
"అయితే సున్నా."

నలభై మూడు అక్షరాలు.
తెర మీద ఒక్కొక్కదానికీ వేలు పెట్టాను.
మధ్యలో కుక్క మొరిగింది.
ఒకసారి "ఉండండి" అని ఎటో వెళ్ళొచ్చాడు.
ఒకసారి దగ్గాడు.
ఆ దగ్గు నాకు తెలుసు,
దానికి కాగితం అక్కర్లేదు.

తెలిసినవాళ్ళ పట్టీలో పధ్నాలుగో వరుస
పాత పెట్టెది.
మూడేళ్ళు రోజూ పలకరించాను.
కొట్టేశాను.

మళ్ళీ కమాండ్.
ఈసారి గొంతు తగ్గించి అడిగింది, నమ్ముతావా అని.
వై ఒక్కటే కొడితే ఒప్పుకోదు,
ఎస్ అని మూడక్షరాలూ రాయాలి.

"కుదిరిందాండి?" ఫోన్లో మరిడయ్య.
"ఆయ్," అన్నాను.
నాది గుంటూరు.
ఆ మాట నా నోట్లోకి ఎప్పుడు దిగిందో!

ఫైలు దిగింది.
మూడో చెరువు, రెండు పాయింట్ ఆరు, పడిపోతోంది.
"మరిడయ్యా, మూడోదానికి ఏరేటర్లు వెయ్యి, తొందరగా!"

"ఇందాకే వేసేశానండి.
రొయ్య పైకొచ్చి మూతి పెడతంటే
కాగితం చదవతా కూచుంటానేటండి?"