కుళాయి గెలిచింది

సిర్కెజి హోటల్లో రాత్రి లెక్కలు మూసి
ఏడింటి ఫెర్రీలో సముద్రం దాటి వస్తాను.
ఎనిమిదికి డ్రిల్లు మొదలవుతుంది.
మధ్యలో మిగిలే ఆ ముప్పావుగంటే
నా రాత్రి.

ఎదురింటిని కూలగొడుతున్నారు.
ఐదంతస్తులూ, ఒక్కో గోడా, పైనుంచి కిందికి.
భూకంపం రాకముందే
మనుషులు తెచ్చుకునే భూకంపం, వాయిదాల మీద.
మంచం పక్క గ్లాసులో నీళ్లు
వలయాలు వలయాలుగా వణుకుతాయి.
అలమారలో గరిటెలు
పళ్లు కొరుకుతూ మాట్లాడుకుంటాయి.

అన్నీ చేశాను.
దూది. మైనపు ముద్దలు. మైనం మీద మళ్లీ దూది.
కిటికీ సందుల్లో తడి తువ్వాళ్లు.
బొంత పట్టుకుని నడవాలోకి,
నడవాలోంచి స్నానాలగదిలోకి.
ఖాళీ తొట్టిలో ముడుచుకుని పడుకుంటే
పింగాణీ గుండా వెతుక్కుంటూ వచ్చి
డ్రిల్లు నా వెన్నెముకనే ఎంచుకుంది.
రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు.
సరే.
కానీ నేను అద్దెకు తీసుకున్నది గది.
రోలని కాగితంలో ఎక్కడా రాయలేదు.

పై అంతస్తు మ్యుజెయ్యెన్ హానుమ్‌కి ఈ బాధ లేదు.
ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా
చెవి మిషన్లు తీసి
పంచదార డబ్బా మూతలో పెడుతుంది.
"డెబ్బైతొమ్మిదేళ్లకి దేవుడిచ్చిన స్విచ్చి" అంటుంది,
మెట్ల మీంచి, వీధంతా వినపడేలా.

పదిహేనో రోజు కాబోలు
నిఘంటువు ముందేసుకుని ఒక వాక్యం కూర్చాను.
"అయ్యా, నాది రాత్రి డ్యూటీ, పదింటిదాకా ఆపగలరా?"
క్రియ చివర తోక సరిచూసుకున్నాను.
అద్దం ముందు కోపం కూడా సరిచూసుకున్నాను.
చెప్పులేసుకుని దిగాను.

రాళ్లగుట్ట మీద ఒక కుర్రాడు
సున్నం పట్టిన కనురెప్పలతో
పైపు పట్టుకుని దుమ్ము మీద నీళ్లు కొడుతున్నాడు.
డ్రిల్లు పట్టుకున్నాయన నన్ను చూసి ఆపాడు.
ఆపినా చేతులు ఆగలేదు.
మోచేతుల దాకా వణుకుతూనే ఉన్నాయి.
టీ గ్లాసు అందుకుంటే
సగం పళ్లెంలోకే ఒలికింది.

నా వాక్యం ఎటు పోయిందో.
ఈ ఊళ్లో పనివాళ్ల పక్కనుంచి వెళ్తూ
ఎవరైనా అనే మాటొకటుంది, కొలాయ్ గెల్సిన్.
పని సులువుగా సాగాలి అని.
వచ్చిన కొత్తలో మరచిపోకుండా
"కుళాయి గెలిచిన" అని రాసుకున్నాను నోటుబుక్కులో.
అదే జారింది నోట్లోంచి.
నా యాసకి అక్కడ కుళాయే గెలిచి ఉంటుంది.
పైపు కుర్రాడు పగలబడి నవ్వాడు.
పేరు నెమతుల్లా. హెరాత్ నుంచి వచ్చాట్ట,
అతనికీ ఈ భాష అరువుదే.
డ్రిల్లాయన, సాతిల్మిష్, మిగిలిన టీ నాకిచ్చి
"నిద్రా? నాకూ లేదు" అన్నాడు.
చెవి మీద వేలితో తట్టి,
"రాత్రి అంతా సద్దుమణిగాక
ఇది మొదలవుతుంది."

పదింటిదాకా ఏమీ ఆపలేదు.
ఓ పావుగంట ఆపారు, టీ కోసం.
ఆ పావుగంటలో సముద్రపక్షి ఒకటి తిట్టింది,
ఎవరో తివాచీ దులిపారు,
సిమిట్లమ్మేవాడి కేక గోడ నుంచి గోడకి తగిలి వెళ్లింది.
మా వీధి ఇంత ఇరుకని అప్పుడే తెలిసింది.

నిన్న మా గుమ్మానికీ కాగితం అంటించారు.
మా మేడా బలహీనమేనట. అరవై రోజుల గడువు.
మ్యుజెయ్యెన్ హానుమ్ కళ్లజోడు పెట్టుకుని
రెండుసార్లు చదివింది.
పైకెళ్లి, చెవి మిషన్లు పెట్టుకుని మళ్లీ దిగింది.
తొమ్మిదింబావు. ఎదుట డ్రిల్లు మంచి జోరు మీదుంది.
ముఖం చిట్లించింది గానీ తియ్యలేదు.
"నలభై రెండేళ్లున్నాను ఇందులో.
నా గోడలు ఎలా అరుస్తాయో
కాస్త ముందుగా విని ఉంచుకోవాలిగా."

మైనం తీసి జేబులో వేసుకుని
ఆవిడ పక్కన మెట్టు మీద కూచున్నాను.
ఎదుటి మేడ మూడో అంతస్తులో
లేతాకుపచ్చ వంటగది గోడ ఒకటి
చుట్టూ ఏమీ లేకుండా,
ఎవరో కొట్టుకున్న మేకుతో,
మేకుకి క్యాలెండరుతో,
ఇంకా నిలబడే ఉంది.