గుమ్మడికాయల వరద

మా తాతమ్మ పుట్టిన తేదీ ఎక్కడా లేదు.
"గుమ్మడికాయల వరదకి ఈడేరిన పిల్ల"
అంటుంది ఆమె కూతురు, పేరంటాలు నాయనమ్మ,
చాటలో ఎండురొయ్యలు చెరుగుతూ,
ముందు పెట్టిన నా ఫోను వంక చూడకుండా.

ఏ సంవత్సరం, నాయనమ్మా?
"చెప్పేను గదే. గుమ్మడికాయల వరద."
గౌతమి ఎర్రగా పొంగి
ఎదుర్లంక గట్టు మీదికి
వందల కాయలు దొర్లించిన యేడు.
రెండు నెల్లు ఊరంతా గుమ్మడి పులుసే.
ఆ కాయల మధ్యనే
అరటిబోదె పట్టుకుని కొట్టుకొచ్చిందట పిల్ల.
నరసన్న తాత పడవలోంచి గెడ చాపాడట.
ఏట్లో దొరికింది గనక గంగాలు.
మా వంశవృక్షంలో ఆమె వైపు కొమ్మ
నీళ్ళలో మొదలవుతుంది.

ధవళేశ్వరం వెళ్ళి వరదమట్టాల పుస్తకం తిరగేశాను.
అడుగులున్నాయి, అంగుళాలున్నాయి,
గుమ్మడికాయల్లేవు.
నాలుగేళ్ళు సరిపోయేలా కనిపిస్తే
నాలుగూ పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఆ తర్వాత ఏటికి ఎదురు పోయాను.
లంకలంకకీ దిగి ముసలివాళ్ళని అడిగాను.
కోటిపల్లి రేవులో ఒకాయన, "ఓ, బర్రెల వరదా?"
ఇంకో ఆవిడ, "మా పెద్దన్న పోయిన వరద."
పోగొట్టుకున్నవాళ్ళు పోయినదాని పేరు పెట్టారు,
మా ఊరు దొరికినదాని పేరు పెట్టుకుంది.
నీళ్ళు అవే.
ఇది తలకెక్కడానికి నాకు రెండు వేసవులు పట్టింది.
అప్పుడు ప్రశ్న మార్చాను:
గుమ్మడిపాదులు ఎవరికి పోయాయి?

సీతన్నలంకలో గుబ్బల సూరన్న
వినికిడి మిషను సర్దుకుని
"పాదుల వరద. మాయే" అన్నాడు.
"ఎకరం పాదులు. ఒక్క కాయ మిగల్లేదు."
మరి పిల్ల?
చేతిలో చుట్ట చాలాసేపు వెలిగించలేదు.
"మా మేనత్త, మంగాయి. వరదకి పోయిందని
శవం లేకుండానే దినం పెట్టేశాడు మా తాత."
కోడలు లోపలికెళ్ళాక గొంతు తగ్గించి:
"వరద వచ్చింది శనారం.
మంగాయి లక్ష్మారమే లేదు.
కాయలకొచ్చే పడవవోడొకడుండేవోడు, మనోడు కాదు.
ఆడి పడవా లక్ష్మారమే లేదంట."

తిరుగు పంటు మీద కాయితం విప్పాను.
గంగాలు. మంగాయి.
రెండిళ్ళకీ ఒక అబద్ధం అవసరమైంది,
రెండు రోజులు ఆలస్యంగా
ఇద్దరికీ గోదారే అందించింది.
రెండు పేర్లూ రాశాను. చెరిపే రబ్బరు
బ్యాగులోనే ఉంచేశాను.

నాయనమ్మకి ఫోను ఆపేసి చెప్పాను.
చెరగడం ఆపలేదు.
"నీళ్ళు తెచ్చేయన్నాను.
పడవేటి, నేల మీద నడుస్తదా?"

పొట్టు ఊదింది. ఇంకో చారెడు రొయ్యలు పోసుకుంది.
చాట అప్పుడు దించింది.
"ఆ సూరన్నకి చెవితమ్మె
చెంపకి అతుక్కునుంటదా, ఇదిగో, ఇలాగ?
మాయమ్మకుండేది."

నేను మిషను చూశాను గానీ
చెవి చూడలేదు.