మోటకూ మోటరుకూ నడుమ

దేవరకొండ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందట
రేకుల పందిరి కింద
ముంతాజ్ అలీ సాబు టేబులుకు మూడే కాళ్లు.
నాలుగోది, స్టాంపు చట్టం పాత పుస్తకం.

నలభై ఏండ్ల నుంచి
ఉర్దూల పడుకున్న పొలాలను తెలుగులకు లేపిన చెయ్యి:
తూర్పున బక్కయ్య చెలక, పడమర వాగు,
ఉత్తరం బండ్ల బాట, దక్షిణం ఖారిజ్ ఖాతా.

నేను చెవిలో తీగ పెట్టుకొని
అమెరికా ముచ్చట వింటున్న.
రేపు నల్లగొండల సాయంత్రం క్లాసుకు
ఆ దేశపు రాజ్యాంగం చెప్పాలె.
అక్కడ ఒక తీరు న్యాయమూర్తులు అంటరట,
సిరా ఆరిననాడు మాటకు ఏది అర్థమో
ఇయ్యాల కూడ అదే అని,
హద్దురాయి మొలకెత్తదని.

సాబుకు చెప్పిన.
"గిదేం కొత్త? నేను రోజూ చేసే పనే గద"
అని చాయ ఊదుకున్నడు.

అప్పుడే మా అంజయ్య సంచి విప్పిండు.
ఫసలీ పదమూడు వందల యాభై ఒకటి నాటి కాయితం,
మడతల కాడ వెలుతురు దూరుతున్నది.
*మోట నడిచినన్ని దినాలు
బావి నీళ్లల్ల సగం గోసుల మల్లయ్యకు, ఆయన వారసులకు.*
మోట పోయింది. తోలు సంచి పోయింది.
ఎడ్లు ఎప్పుడో అంగడికి పోయినయ్.
"మోటంటే తోడుడే గద సారూ,
మోటరు గూడ తోడుడే.
ఒక్క 'రు' కోసం నా నీళ్లు ఆపుతరా?"

ఆ 'రు' ను సాగదీసుడే నా వృత్తి.
వాదం అప్పటికే నోట్లె తయారైంది.

సాబు అద్దాలు తీసిండు.
"రాసినోళ్లు రెండెడ్ల ఊపిరి లెక్కగట్టి సగం అన్నరు,
ఏడున్నర హార్సుపవరును లెక్కగట్టలే.
మాటను రబ్బరు చేస్తే వకీలు సాబ్,
అది ఎప్పుడూ గట్టి చెయ్యి దిక్కే సాగుతది.
ఇయ్యాల దయగల జడ్జి, నీ దిక్కు.
ఎల్లుండి ఆయనకు బదిలీ.
కొత్త అర్థం కావాల్నా?
కొత్త కాయితం రాయి. స్టాంపు కొను.
ఇద్దరు సాక్షులను తోల్కరా."

నాకు కోపమొచ్చింది.
"ఈ కాయితం మీద మల్లయ్య పెండ్లాం వేలిముద్ర ఉన్నదా?
అక్కడ, సముద్రం అవతల, సంతకాల గదిల
ఒక్క ఆడమనిషి ఉన్నదా? సంకెళ్లల్ల ఉన్నోడు ఉన్నడా?
లేనోళ్లు లేకుంట రాసిన మాటకు
లేనోళ్లు ఎందుకు కట్టుబడాలె?"

చాయ మీద మీగడ కట్టింది.
"లేరు," అన్నడు.
"అందుకే సవరణ అని ఒక తలుపు పెట్టిన్రు.
ఇరుకుదే. ఒప్పుకుంట.
గోడ పలగ్గొట్టుకొని లోపలికొస్తే
తెల్లారి గాలి గూడ అట్లనే వస్తది."

కొంచెం సేపటికి, ఎవరూ అడగకముందే,
"మా అబ్బా కాయితంల *బేటోంకు* అని ఉండె.
కొడుకులకు అని.
షమీమ్ నా చెల్లె. ఆమె గూడ సంతానమే అని
ఆ మాటను వంచొచ్చు. వంచలే.
నా వాటాల సగం ఆమె పేర దానపత్రం రాసిన,
ఇదే టేబులు మీద, నా పైసలతోని."

మంచి ముచ్చటే.
అన్న మనసు మంచిది కాబట్టి.
ఆ మాట పైకి అనలే.
తలుపు అవతల అన్నలు లేని చెల్లెండ్లు
ఎంతమందో, ఎన్ని తరాలో,
సాబుకు తెల్వదా? తెలుసు.
అద్దాలు తుడిచిన తీరుల తెలిసింది.

రేపటి క్లాసుకు రాసుకున్న నోట్సుల
ఒక వాక్యం కొట్టేసిన. మళ్ల దానిమీదనే రాసిన.

వంద రూపాయల స్టాంపు కాయితం
ఖాళీగ పరిచి, గాలికి ఎగరకుండ
పాన్ డబ్బా బరువు పెట్టిండు సాబు.
అంజయ్య ఫోను చేసిండు బావి అవతలోళ్లకు.
"వస్తమన్నరు," అన్నడు. "చూద్దామన్నరు," అన్నడు.
రెండిట్ల వాళ్లన్నది ఏదో.

కొండమల్లేపల్లి బస్సు వచ్చి ఆగింది.
దుమ్ము దిగింది ముందుగాల.