ముందుకు జరగండి

కోసింది కడుపులో.
నొప్పి మాత్రం కుడి భుజంలో.
ఇదేం లెక్కమ్మా అనడిగితే
హెప్సిబా సిస్టర్ సెలైన్ సీసా వైపే చూస్తా చెప్పింది:
"లోపల చోటు కోసం గ్యాస్ నింపినారు గదా,
కొంచెం మిగిలిపోయుంటాది. పైకి పోయి
ఊపిరితిత్తుల కింది పొరకు తగులుకుంటాది.
ఆ పొరకూ భుజానికీ నరం ఒకటే."

నేనింకా సంచీ నొప్పి అనుకున్నాను.
పందొమ్మిదేండ్లు చిల్లర సంచీ మోసిన భుజం ఇదే.
చిత్తూరు నుంచి తిరపతి, తిరపతి నుంచి చిత్తూరు,
సీట్ల నడుమ దోవలో నేరుగా పట్టక
పక్కకు తిరిగి నడస్తా టికెట్లు కొట్టిన దాన్ని.
కాలేజీ పిల్లోళ్ళు పేరు కూడా పెట్నారు,
"రెండు టికెట్ల కండక్టరమ్మ" అని.
నేనూ నవ్వేదాన్ని.
చిల్లర మాత్రం పైసా తేడా లేకుండా ఇచ్చేదాన్ని.

"నడవాల రెడ్డెమ్మక్కా, పడుకుంటే పోదు."
నాలుగు చిల్లులు, ఒక గొట్టం,
అరటిపండంత మిగిలిన తిత్తి,
అన్నీ పట్టుకోని లేచినాను.
సెలైన్ స్టాండుకు ఒక చక్రం కీచుమంటాది,
మా డిపోలో పాత బండి మాదిరే.

మూడో అంతస్తు వరండాకు నేనే స్టేజీలు పెట్టుకున్నాను.
నా మంచం చిత్తూరు.
నీళ్ళ ఫిల్టరు కాణిపాకం క్రాసు.
నర్సుల టేబులు పూతలపట్టు.
లిఫ్టు కాడ చంద్రగిరి,
ఆడ బండి ఐదు నిమిషాలు ఆగుతాది, నేనూ ఆగినాను
గోడకు నుదురు ఆనించి.
చివర కిటికీ తిరపతి.
కిటికీలో కొండ మింద దీపాల వరస.
ఆ మెట్లెక్కే వాళ్ళల్లో నేనెప్పుడూ లేను.
ఈ పొద్దు మాత్రం వాళ్ళ లెక్కే నాదీ:
ఒక అడుగు, ఒక ఊపిరి. మధ్యలో ఒక తిట్టు, అది నాదే.

నేను మత్తులో ఉండంగా
టికెట్ లేకుండా ఎక్కినాడు వాడు.
ఫుట్‌బోర్డు మింద నిలబడుకోని
మోచేత్తో పక్కటెముకలు పొడస్తాడు,
దిగడు, లోపలికి రాడు.
జనానికి అరిచిన మాటే వానికీ అరిచినాను:
ముందుకు జరుగు నాయనా, జరుగు,
లోపలంతా ఖాళీనే గదా,
ఖాళీ చేయించుకునేదానికే గదా
రెండు లక్షల ఎనబై వేలు కట్టింది!

మందు మూతతో కొలిచి నీళ్ళు.
చంద్రగిరి ఓటల్లో ఆరు దోసెలు తినిన కడుపు
ఒక మూతకే "ఫుల్" అని బోర్డు పెడతాది.

రాత్రి మూడున్నరకు కింది గాలి కదిలింది,
బస్టాండు మైకు తెరిచినట్ల.
పక్క మంచం మొగిలమ్మకు కాపలా పడుకున్న పిల్ల
ఉలిక్కిపడి లేచి "ఏమైందత్తా?" అనింది.
నవ్వితే కుట్లు లాగుతాయి.
దిండు పొట్టకు అదుముకోని నవ్వినాను,
ఆ పిల్ల నోటికి పైట అడ్డం పెట్టుకోనింది,
మొగిలమ్మ అయితే కండ్లు తెరవకుండానే నవ్వింది.

పొద్దున్నే సంబరంగా సిస్టరుకు చెప్తే
"మంచిదే అక్కా. కానీ అది పేగుల గాలి.
భుజంలోది అట్ల పోదు.
రక్తంలో కరిగి ఊపిరితో పోతాది. కనపడదు."

కనపడదంట.
ఒక్క తల లెక్క తప్పిందని
చెకింగోళ్ళు కూడా ఏ పొద్దూ నన్ననలేదు.
మూడు దినాలు వెనక డోరు కాడే కాచుకోనుండాను.

నాలుగో పొద్దు జడేసుకుందామని చెయ్యెత్తినాను.
ఎత్తినాక గుర్తొచ్చింది,
నిన్న లేవని చెయ్యి ఇదేనని.

ఏ స్టేజీలో దిగిపోయినాడో.
పూతలపట్టు కాడా, కిటికీ కాడా,
దిండు పట్టుకోని నవ్వినప్పుడా.
ఆపమనలేదు, చిల్లర అడగలేదు.

జడ సంగతి మర్చిపోయి
చెయ్యట్లే పైన పెట్టుకోని కూచున్నాను.
మూత నింపుకోని వచ్చిన హెప్సిబా
గుమ్మం కాడే నిలబడింది:
"ఏమక్కా, బస్సాపుతా ఉండావా?"