నిలబడటం

డార్లింగ్ నదిలో ఇసుకే పారుతోంది.
నేల ఇనుమైంది, దౌడు తీయిస్తే కాళ్ళు పోతాయని
డెల్మా దూకుడు కడ్డీలన్నీ షెడ్డులో పడేసింది.
నీళ్ళ ట్యాంకరు మంగళవారమే. అందాకా బకెట్లు లెక్క.
స్నానాలు పోనీలకి,
మాకు తడిగుడ్డ.

నాలుగున్నరకే టప్పెన్స్‌ని బయటికి తెస్తుంది.
మూడేళ్ళది, బూడిదరంగు, కుదురు లేదు.
కకటూ అరిచినా, సొంత నీడ కదిలినా ఎగిరిపడుతుంది.

"ఊరికే నిలబడు."
పగ్గం వదులుగా, మెడమీద చెయ్యి.
డిసెంబరంతా అదే పాఠం, జనవరంతా అదే.
ఈగలు కళ్ళమీద వాలినా నిలబడు.
గడ్డి లారీవాడు మళ్ళీ ధర పెంచినా నిలబడు.
ఆ ఒక్కటీ తనకే చెప్పుకుందనుకుంటా.

నేను నవ్వాను కూడా:
మూణ్ణెల్లు మేపి గుర్రానికి
గుంజ పని నేర్పావా అని.

మార్చి పదకొండున రేకులమీద
ఎవరో గులకరాళ్ళు కుమ్మరించారు.
కుక్క పరిగెత్తింది. నేనూ, చెప్పుల్లేకుండా,
బకెట్లన్నీ వెల్లకిలా తిప్పుతూ.
మైదానం మధ్య డెల్మా
మోకాళ్ళమీద కూలబడి ఉంది.
పక్కనే టప్పెన్స్.
పగ్గం బురదలో,
తోకలోంచి ఎర్రటి నీళ్ళు కారుతూ,
నిలబడి ఉంది.