రేవు

నర్సాపురంలో, పంటు హారన్ వినబడే మా ప్రెస్సులోకి
తొంభై రెండు వేసవిలో దిగింది
బిస్కెట్టు రంగు పెట్టె, జానెడు తెర,
ఒక్కటే మీట ఉన్న మౌసు.

ఏసురత్నం గారిది ముప్పై ఏళ్ళు సీసం అక్షరాలు ఏరిన చెయ్యి.
కరెంటు పోయినా ‘క్ష’ ఏ గడిలో ఉందో వేళ్ళకి తెలుసు.
నాగమణి భీమవరంలో ఆర్నెల్ల కోర్సు చేసొచ్చింది.
నేను ప్రూఫులు మోసే కుర్రాణ్ణి.
ఇద్దరికీ టీ తేవడం, ఇద్దరికీ తలూపడం నా ఉద్యోగం.

మొదటి తగువు మెనూ మీద.
ఎన్ని కిటికీలు తెరిచినా
ఆజ్ఞలన్నీ తెర నెత్తిన ఒకే పట్టీలో ఎందుకూ అని.
"విజ్జేశ్వరంలో తలుపెత్తితే
మొగల్తూరు శివారుకి నీళ్ళెప్పుడొస్తాయమ్మా?
ఏ చేను తూము ఆ చేను గట్టునుండాలి."
"ఎవరి తూము వాళ్ళకుంటే
రాత్రిళ్ళు పారలతో కొట్టుకోరూ?
పైనుంటే చూడక్కర్లేదండీ, చెయ్యి విసరండి, అంచే ఆపుతుంది."
విసిరాడు. ఆగింది.
ఒప్పుకోలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

రెండోది పెద్దది.
ఫ్లాపీ బయటికి రావాలంటే
దాని బొమ్మని ఈడ్చుకెళ్ళి చెత్తబుట్టలో పడెయ్యాలి.
"కొల్లాటి వారి శుభలేఖ ఉందిందులో!"
"ఏమీ పోదండీ, ఊరికే బయటికొస్తుంది."
"పోయేదానికీ పోనిదానికీ ఒకటే గుర్తా?"
నాగమణి దగ్గర జవాబు లేదు.
కోర్సులో ఎవరూ అడగలేదట.
ఆయన బొత్తాం ఊడిన జేబు పిన్నీసు విప్పి, సాగదీసి,
పెట్టె ముందున్న చిన్న చిల్లులో గుచ్చి
గేలం నుంచి చేపని తప్పించినట్టు ఫ్లాపీ తీసుకున్నాడు.
మూడ్రోజులు అంతే. జేబు వేలాడుతూనే ఉంది.

నాలుగో పొద్దున
తెర గాజు మీద, కుడి కింది మూల,
చెత్తబుట్టని కప్పుతూ ప్రూఫు కాగితం ముక్క.
దాని మీద నాగమణి చేతిరాత: రేవు.
ఆయన చదివాడు.
కిటికీలోంచి, సఖినేటిపల్లి వైపు పోతున్న పంటుని చూశాడు.
ఫ్లాపీ బొమ్మని పట్టుకుని
ముసలమ్మని పంటెక్కించినట్టు మెల్లిగా
ఆ కాగితం కిందికి నడిపించాడు.
టక్కుమని ఒడ్డుకొచ్చింది.

నేనూ చూసి నేర్చుకున్నాను.
ముసురు రోజు, ఒక్కణ్ణే ఉన్నప్పుడు,
చర్చి వారి కీర్తనల పుస్తకం, నలభై పేజీలు,
అవతలి గట్టు బైండింగు షాపుకి చేరాలని
రేవులో వేశాను.
పైపట్టీలో ‘ఖాళీ చెయ్యి’ కనబడింది.
పంటు జనాన్ని దింపొద్దూ మరి, అనుకుని నొక్కాను.

ఆ వారమంతా వంతులేసుకుని మళ్ళీ కొట్టారిద్దరూ.
నన్ను ఒక్క మాటనలేదు.
ఆ కాగితం పీకాలా, ఉంచాలా అని
మూడో తగువులో పడ్డారు.